పుటలనుండి పాఠమును వేఱుచేయు సూత్రముల చరిత్ర



తాళపత్రగ్రంథములు చదువుట యలవాటైన వారికి ఒక శ్రమ తెలియును. ఆకుమీద మాటకు మాటకు నడుమ ఎడము ఉండదు. మూలపద్యము ముగిసిన చోటనే టీక ఆరంభమగును. టీక ముగిసినదో లేదో, లేఖకుఁడు తన పేరును, తనచేత వ్రాయించినవాని పేరును, తిథివారములను, పుస్తకమును నూనెనుండియు నీటినుండియు కాపాడుఁడను వేడికోలును ఆ వరుసలోనే చేర్చును. చదువరి తన ఎఱుకచేత ఇది మూలము, ఇది టీక, ఇది లేఖకుని మాట అని విడఁదీసికొనవలెను. ఈ విడఁదీయు పనిని ఎఱుక లేని యంత్రముచేత చేయింపవలెనన్న ఏమి కావలెను? ఆ ప్రశ్నకు గడచిన యెనుబదేండ్లలో ఏర్పడిన యొక యుత్తరముయొక్క చరిత్రయే నేఁటి ప్రసంగవిషయము.

మీ మనుమఁడు చేతిఫోనులో మార్కెట్ యార్డు మిర్చి ధర చూపించును. మీ కంటికి కనఁబడునది ఒక పట్టిక. అందు ఊరి పేరు, సరకు పేరు, ధర. కాని ఇంటర్నెట్టు ద్వారా ఆ ఫోనునకు వచ్చి చేరినది పట్టిక కాదు. అది ఆదినుండి తుదివఱకు ఒక్కటే పొడవైన అక్షరమాల. ధరకు ముందు 'ఇచట గడి మొదలు' అని యొక గుఱుతు, వెనుక 'ఇచట గడి ముగిసెను' అని మఱొక గుఱుతు ఉండును. గుఱుతేదో పాఠమేదో తెలియుటకై ప్రతి గుఱుతును బాణపు మొనలవంటి రెండు కోణముల నడుమ వ్రాయుదురు. వీనికి తోడు రంగులను గూర్చిన ఆజ్ఞలు, ప్రకటనలు, చిత్రముల చిరునామాలు. నూఱు పుటలనుండి మిర్చి ధరలను మాత్రము ఏఱి ఒక పుస్తకములోనికి ఎక్కింపవలెనన్నచో చేతితో చేయుట నెలల పని. కావున యంత్రమునకు ఒక సూత్రము చెప్పుదురు: ఈ గుఱుతు తరువాత, ఆ గుఱుతునకు ముందు, అంకెలు వరుసగా ఎన్ని యున్నను వానిని తీసి యిమ్ము. ఇట్టి సూత్రమునకు ఆంగ్లమున రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అని పేరు. నేను దీనిని లక్షణసూత్రమందును.

ఈ పేరు ఊరక పెట్టలేదు. మన తార్కికులు లక్షణమనియు లక్ష్యమనియు రెండు చెప్పుదురు. ఆవు లక్ష్యము, ఆవును తక్కినవానినుండి వేఱుచేయు మాట లక్షణము. ఆ లక్షణమునకు మూఁడు దోషములు పట్టవచ్చును. 'కొమ్ములు గలది ఆవు' అన్నచో గేదెయు ఆవగును, ఇది అతివ్యాప్తి. 'కపిలవర్ణము గలది ఆవు' అన్నచో తెల్లయావు ఆవు కాకపోవును, ఇది అవ్యాప్తి. 'ఒంటిగిట్ట గలది ఆవు' అన్నచో ఒక్క ఆవును దొరకదు, ఇది అసంభవము. యంత్రమునకు చెప్పు సూత్రమునకును ఈ మూఁడు దోషములే పట్టును. ఇందు రెండవదియగు అవ్యాప్తి మన తెలుగున కెక్కువ హాని చేసినది. ఆ సంగతికి చివర వత్తును; ముందు పుట్టుక.

విచిత్రమేమనఁగా ఈ సూత్రము పుట్టినది గ్రంథములకొఱకు కాదు, యంత్రములకొఱకును కాదు. 1943లో అమెరికాలో వారెన్ మెకల్లక్ అను నాడీవైద్యుఁడును, వాల్టర్ పిట్స్ అను ఇరువదియేండ్ల యువకుఁడును కలసి మెదడులోని నరములను గూర్చి యొక వ్యాసము ప్రకటించిరి. నరకణము ఒక్కొక్కటియు పలికిన పలుకును, లేదా ఊరకుండును. నడిమి స్థితి లేదని భావించి, అట్టి కణముల అల్లిక తర్కమును చేయఁగలదని వారు చూపిరి. 1951 వేసవిలో స్టీఫెన్ క్లేనీ అను గణితతార్కికుఁడు కాలిఫోర్నియాలోని ర్యాండ్ సంస్థలో ఆ వ్యాసమును చేతఁబట్టుకొని కూర్చుండెను. అట్టి అల్లికకు వరుసగా సంకేతములు వచ్చుచుండఁగా, అది ఏ యే వరుసలను గుర్తింపఁగలదు? ఇదియే ఆతని ప్రశ్న.

ఉత్తరము చిన్నది. మూఁడే క్రియలు చాలును. ఒకదాని వెంట ఒకటి వచ్చుట. ఇది గాని అది గాని వచ్చుట. ఒక్కటే పలుమాఱు వచ్చుట. ఈ మూఁటిచేత చెప్పఁదగిన వరుసలన్నియు ఆ అల్లిక గుర్తించును. ఆ అల్లిక గుర్తించునదంతయు ఈ మూఁటిచేత చెప్పవచ్చును. పలుమాఱు వచ్చుటను తెలుపుటకు క్లేనీ ఒక నక్షత్రపు గుఱుతు పెట్టెను. నేఁటికిని దానిని క్లేనీ నక్షత్రమందురు. పలుమాఱు అనఁగా సున్న మాఱులు కూడ! అనఁగా లేకున్నను ఉన్నట్లే. ఈ యొక్క మెలిక ప్రోగ్రాములు నేర్చు పిల్లలను నేఁటికిని ఏడిపించుచున్నది. ఆ నివేదిక 1956లో ఒక సంకలనమున అచ్చైనది. వీనికి 'రెగ్యులర్' అని పేరు పెట్టిన క్లేనీయే ఆ పేరు తృప్తికరముగా లేదనియు, ఇంతకంటె మంచిది ఎవరైన చెప్పినచో సంతోషింతుననియు ఆ వ్యాసముననే తెలిపెను. ఎవరును చెప్పలేదు. ఆ పేరే నిలిచినది.

ఇచట నాకు మన వ్యాకరణము తలఁపునకు రాకపోదు. పాణిని పదునాలుగు మాహేశ్వరసూత్రములలో వర్ణములను ఒక ప్రత్యేకక్రమమున పేర్చి, మొదటి వర్ణమును కడపటి గుఱుతును పట్టుకొని నడుమనున్న వానినెల్ల ఒక్కమాటలో చెప్పును. 'అచ్' అన్న అచ్చులన్నియు; 'హల్' అన్న హల్లులన్నియు. నేఁటి లక్షణసూత్రమునను ఇట్లే చదరపు కమ్మీలలో 'ఈ యక్షరము మొదలు ఆ యక్షరమువఱకు' అని వ్రాసిన నడుమనున్న వానిలో ఏదైన సరే యని యర్థము. మన చిన్నయసూరి బాలవ్యాకరణము చదివినవారికి గసడదవాదేశము తెలియును. ప్రథమకుఁ బరమైన పరుషమునకు గసడదవలు వచ్చును. 'రాజు పలికె' అనునది 'రాజు వలికె' యగును. ముందేమి యుండవలెను, ఏది పోవలెను, దానిచోట ఏది రావలెను అను మూఁడును అందు కలవు. యంత్రమునకు ఆదేశసూత్రము వ్రాయునపుడును ఈ మూఁటినే చెప్పుదురు. బాలవ్యాకరణము వల్లించిన బాలునకు ఈ విద్య నేర్పుట సులభమని నా నమ్మకము.

కాని ఇంతమాత్రముచేత ఇదంతయు మనవారికి ముందే తెలియునని చెప్పుట తగదు. క్లేనీ పాణినిని చూచి వ్రాయలేదు. నరములను గూర్చి వ్రాసెను. ప్రోగ్రాము భాషల వ్యాకరణమును వ్రాయుటకు జాన్ బాకస్ 1959లో ఏర్పఱచిన మఱొక సంజ్ఞావిధానమునకు పాణిని పేరును కూడ చేర్పవలెనని ఇంగర్మన్ అను నతఁడు 1967లో ఒక కంప్యూటరు పత్రికకు లేఖ వ్రాసెను. అది గౌరవముతో చేసిన సూచన, వంశావళి కాదు. రెండు దేశములలో ఇరువురు రైతులు వేఱువేఱుగ నాగలి చేసికొన్నట్లు తలఁచుట మేలు.

క్లేనీ సూత్రమును గ్రంథశోధనకు తెచ్చినవాఁడు కెన్ థామ్సన్. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పనిచేయుచు 1968లో ఆతఁడు నాలుగు పుటల వ్యాసమొకటి ప్రకటించెను. కంప్యూటరులో నిలువచేసిన పాఠమున ఒక సూత్రమునకు సరిపడు మాటలను ఎట్లు వెదకవలెనో అందు చెప్పెను. ఆతని యుపాయము ఇట్టిది. త్రోవ చీలినచోట ఒక మనిషిని ఒక త్రోవను పంపి, అది మూసికొనిపోయినచో వెనుకకు వచ్చి రెండవ త్రోవను పొమ్మనుట ఒక పద్ధతి. అన్ని త్రోవలకును ఒక్కొక్క మనిషిని ఒక్కమాఱే పంపి, అందఱును అడుగునకు అడుగుగా ముందుకే నడువవలెననుట రెండవ పద్ధతి. థామ్సన్ ఎన్నుకొన్నది రెండవది. ఇందు వెనుకకు నడచుట లేదు. తరువాతి వారనేకులు మొదటి పద్ధతిని పట్టిరి. దానివలన కలిగిన కష్టము ముందు చెప్పెదను.

థామ్సన్ 1973 నాఁటికి చేసిన 'గ్రెప్' అను చిన్న పరికరము ఈ విద్యను లోకమున ప్రచారము చేసినది. ఆ పేరు నాలుగు ఆజ్ఞాక్షరముల కూర్పు. 'అంతటను వెదకి, సూత్రమునకు సరిపడు పంక్తిని ముద్రింపుము' అని దాని తాత్పర్యము. దాని పుట్టుకను గూర్చి ఆ ప్రయోగశాలలోనే యుండిన బ్రయన్ కర్నిఘన్ ఒక కథ చెప్పును. అమెరికా రాజ్యాంగమును సమర్థించుచు 1787-88లలో 85 వ్యాసములు 'పబ్లియస్' అను మాఱుపేరున వెలువడినవి. వ్రాసినవారు హామిల్టన్, మాడిసన్, జే అను మువ్వురు. అందు పండ్రెండింటి కర్త హామిల్టనో మాడిసనో చిరకాలము తేలలేదు. మాటల వాడుకను బట్టి తేల్పవలెనని లీ మెక్మహాన్ అను సహోద్యోగి యత్నించెను. ఆ వ్యాసములన్నియు అప్పటి పాఠపరిష్కరణ సాధనములో ఒక్కమాఱు ఇముడలేదు. థామ్సన్ ఆ సాధనములోని వెదకు భాగమును మాత్రము వెలికి తీసి, ఎంత పెద్ద గ్రంథమునైన పంక్తి పంక్తిగా జల్లించునట్లు వేఱొక పరికరముగా ఒక్క రాత్రిలో చేసి యిచ్చెనఁట. క్రీడాభిరామము వల్లభరాయనిదా శ్రీనాథునిదా యని మన పండితులు ఎంత వాదించిరో మీరెఱుఁగుదురు. అట్టి కర్తృత్వవివాదమే యొకటి లోకమునంతటను వాడు పరికరమునకు కారణమగుట నాకు ముచ్చటగా తోఁచును.

ఆ పిమ్మట 1987లో లారీ వాల్ అను భాషాశాస్త్రము చదివిన ప్రోగ్రామకర్త పెర్ల్ అను భాషను విడుదల చేసెను. లక్షణసూత్రములు అందు భాషలో భాగమే యైనవి. రెండేండ్లకు, 1989 మార్చిలో, జెనీవా వద్ద సెర్న్ అను పరమాణుపరిశోధనశాలలో టిమ్ బెర్నర్స్-లీ యను నాంగ్లేయుఁడు తమ సంస్థలోని పత్రములను ఒకదానితో నొకటి ముడిపెట్టు నొక యేర్పాటును ప్రతిపాదించెను. 1991లో అది బయటివారికిని తెలిసినది. మొదట ఆతఁడు ఏర్పఱచిన గుఱుతులు ఇరువదికి లోపుననే యుండెను: శీర్షిక, పేరా, పట్టీ, ముడి మొదలగునవి. 1993 ఏప్రిల్ 30వ తేదీన సెర్న్ ఈ సాధనమును రుసుము లేకుండ లోకమునకు విడిచిపెట్టెను. ఆ యేఁటనే అమెరికాలో ఒక విద్యార్థి వెబ్ స్థానములను లెక్కించుటకు పుటనుండి పుటకు తనంతట తిరుగు ప్రోగ్రామును వదలెను. పుటలు పుట్టినవి, జల్లెడ ముందే చేతిలో నున్నది. రెండును కలియుటకు ఆలస్యము కాలేదు. యజమాని వలదన్న పుటను ముట్టరాదను నొక మర్యాదను 1994లో మార్టిన్ కోస్టర్ అను నతఁడు ఏర్పఱచెను. అది చట్టము కాదు, మర్యాదయే, పాటించినవారు పాటించిరి.

ఇఁక దోషములు. మొదటిది అతివ్యాప్తి. పట్టికలో మిర్చి గడి, ప్రత్తి గడి, పసుపు గడి వరుసగా నున్నవి. 'గడి మొదలు అను గుఱుతునుండి గడి ముగిసెను అను గుఱుతువఱకు నడుమ ఏమున్నను తెమ్ము' అని సూత్రము చెప్పితిమి. యంత్రము మొట్టమొదటి గడి మొదలునుండి కట్టకడపటి గడి ముగింపువఱకు మూఁటిని గుదిగుచ్చి తెచ్చును. నక్షత్రమునకు ఆశ మెండు, అందినంత పట్టుకొనును. దానికి 'అత్యాశ' అనియే ప్రోగ్రామకర్తలు పేరు పెట్టిరి. నక్షత్రము ప్రక్క ప్రశ్నార్థకపు గుఱుతుంచినచో చాలినంతవఱకే పట్టునను సవరణను 1994లో వెలువడిన పెర్ల్ అయిదవ రూపము తెచ్చినది.

సవరణ కొంతవఱకే పనిచేసినది. గడిలో మఱొక పట్టిక, దాని గడిలో ఇంకొక గడి యున్నచో? ఇచట దోషము సూత్రకర్త నేర్పులోనిది కాదు. సూత్రపు జాతిలోనే కలదు. క్లేనీ అల్లికకు జ్ఞాపకము పరిమితము. ఎన్ని తలుపులు తెఱచితినో లెక్క పెట్టుకొని అన్నిటిని మూయవలెనన్న లెక్కకు మేర యుండదు. మేర గల జ్ఞాపకమునకు అది చాలదు. ఒకదానిలో నొకటి ఇమిడియుండు నిర్మాణములకు ఇంతకంటె బలమైన వ్యాకరణము వలయునని నోమ్ చామ్‌స్కీ 1956లోనే విశదీకరించెను. తరువాతి కాలపు సూత్రములలో క్లేనీ చెప్పని శక్తులు కొన్ని చేర్చిరి గాని, చదువుటకు సాధ్యము కానంత చిక్కుగా పరిణమించినవి. ఇట్టిచోట పుటను వంశవృక్షముగా పేర్చుకొనుటయే రాజమార్గము. ఈ గడి ఆ పట్టికకు బిడ్డ, ఆ పట్టిక ఆ పేజీకి బిడ్డ అని తెలిసికొని, అటుపిమ్మట కావలసిన కొమ్మను కోయవలెను. ముగింపు గుఱుతు మఱచిన పుటను సైతము ఎట్లు పేర్చవలెనో 2014లో స్థిరపడిన హెచ్‌టీఎమ్‌ఎల్ అయిదవ ప్రమాణము విధించినది. కొమ్మ చేతికి వచ్చిన తరువాత అందలి తేదీని, ధరను ఏఱుటకు లక్షణసూత్రమే తగినది. గొడ్డలి పని గొడ్డలికి, చాకు పని చాకునకు.

అసంభవమును గూర్చి ఎక్కువ చెప్పనక్కఱలేదు. పుట యజమాని ఒక రాత్రి గుఱుతులను మార్చును. మఱునాఁడు సూత్రమున కేమియు చిక్కదు. అది యంత్రమునకు తప్పుగా తోఁపదు గనుక ఊరకుండును. తర్కమున చెప్పని నాలుగవ దోషమొకటి కలదు, కాలహరణము. థామ్సన్ వలదన్న వెనుకకు నడచు పద్ధతియే దానికి మూలము. 2016 జూలై 20వ తేదీన ప్రోగ్రామకర్తలు వాడు స్టాక్ ఓవర్‌ఫ్లో అను స్థానము 34 నిమిషములు నిలిచిపోయెను. పంక్తి చివరనున్న ఖాళీలను తుడుచుటకు పెట్టిన చిన్న సూత్రము, ఇంచుమించు 20,000 ఖాళీలు వరుసగా నున్న యొక పంక్తిమీద పడినది. ప్రతి ఖాళీనుండియు ఆరంభించి, ముందుకు పోయి, విఫలమై మఱల వచ్చుటలో దాదాపు 20 కోట్ల పరీక్షలైనవి. 2019 జూలై 2వ తేదీన క్లౌడ్‌ఫ్లేర్ అను సంస్థలో ఇట్టి సూత్రమే యొకటి లోకమున అనేక వెబ్ స్థానములను 27 నిమిషములు అందకుండ చేసెను. 1968లో చెప్పిన మాట అర్ధశతాబ్దము తరువాతను కొత్తగానే యుండెను.

ఇప్పుడు అవ్యాప్తి. 1990ల చివరను, ఆ తరువాత కొన్నేండ్లును తెలుగు పత్రికలు వెబ్ పుటలలోనికి వచ్చినపుడు, ఒక్కొక్క పత్రిక తనకు వేఱు అచ్చుదిమ్మెలు పోసికొన్నట్లు వేఱు ఫాంటు చేయించుకొనెను. పుటలో నిజముగా నున్నవి ఆంగ్లాక్షరముల సంకేతములు. ఫాంటు వానికి తెలుగు వేషము వేసెను. ఒక సంకేతమునకు తలకట్టు, ఒకదానికి కొమ్ము, ఒకదానికి సగము మకారము. కంటికి చక్కని తెలుగు. ఫాంటు లేని యంత్రమునకు ఆంగ్లాక్షరముల గందరగోళము. అట్టి పుటలనుండి పాఠమును ఏఱిన చేతికి వచ్చునది చదువరాని చెత్త. తరువాతివారు ఒక్కొక్క ఫాంటునకు ఒక్కొక్క ఆదేశపట్టిక కూర్చి, ఈ ముక్క తరువాత ఆ ముక్క వచ్చిన ఇది 'మా', అది 'మీ' అని సూత్రములు వ్రాసి మార్పవలసివచ్చెను. ఆ పట్టిక లేని ఫాంటులోని పుటలు, ఉండియు లేనివే యైనవి.

లోకభాషల కన్నిటికి ఒక్కటే సంకేతావళి కావలెనని ఏర్పడిన యూనికోడ్ 1991లో మొదటి సంపుటముననే తెలుగునకు స్థానమిచ్చినది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ దానికి 'గౌతమి' యను ఫాంటును తోడుగా తెచ్చినది. యూనికోడ్‌లో తెలుగునకు 128 గదుల వాడ యొకటి కలదు. ఆ వాడలో ఎవరు ఎక్కడ కాఁపురమున్నారో వినుఁడు. ముందు గదులలో అరసున్న, నిండుసున్న, విసర్గము. తరువాత అకారము మొదలు హకారమువఱకు వర్ణములు. అటుపిమ్మట దీర్ఘము, గుడి, కొమ్ము మొదలగు గుణింతపు గుఱుతులు. వాని చివర పొల్లు. దీర్ఘమైన ౠకారమునకు ఋకారము ప్రక్క చోటు దొరకలేదు. ఎక్కడనో దూరపు గదిలో నున్నది.

ఇప్పుడు పాణినీయము చదివిన పండితుఁడు గాని, ఆంగ్లమున 'ఏ నుండి జెడ్ వఱకు' అని వ్రాయుట కలవాటుపడిన యువకుఁడు గాని, తెలుగు మాటలను ఏఱుటకు 'అ మొదలు హ వఱకు నున్న యక్షరములు వరుసగా ఎన్నియైన' అని సూత్రము వ్రాసెననుకొందము. చూచుటకు నిర్దుష్టము. ఫలమేమి? 'తెలుగు' అను మాటలో యంత్రమునకు ఆఱు సంకేతములు కలవు: తకారము, ఎత్వము, లకారము, కొమ్ము, గకారము, కొమ్ము. ఎత్వమును కొమ్ములును ఆ సూత్రపు ఎల్లకు వెలుపల నున్నవి. కావున చిక్కినవి త, ల, గ అను మూఁడు ముక్కలు. 'కృష్ణుఁడు' అన్నచో క, ష, ణ, డ. మాటలో ప్రాణమంతయు జల్లెడ కన్నములనుండి జాఱిపోయినది. గుణింతములేని తెలుగు ఏ తెలుగు?

ఇది కల్పితోదాహరణము కాదు. పైథాన్ అను నేఁటి ప్రసిద్ధమైన ప్రోగ్రాము భాషలో 'పదమునందుండఁదగిన యక్షరము' అని తెలుపు నొక సంకేతము కలదు. దాని మూలసామగ్రిలో ఆ సంకేతము గుణింతపు గుఱుతులను పదాక్షరములుగా గణింపదు. ఆంగ్లమునకు గుణింతము లేదు గనుక అచట లోటు తెలియదు. తెలుగును, హిందీని అది ముక్కలు చేయును. పెర్ల్‌లో ఈ లోపము లేదు. అందు గుణింతపు గుఱుతులును పదములో చేరును. యూనికోడ్ వారు లక్షణసూత్రములకై ప్రత్యేకముగ ప్రకటించిన విధులును చేర్చవలెననియే చెప్పుచున్నవి. తెలుగు వాడమొత్తమును, 128 గదులను, సూత్రములో పేర్కొనిన ఈ గండము గడచును. ఉపాయమింత సులభము, తెలియకుండుటయే హాని. తెలుగు మాటల పట్టికలు, నిఘంటువుల సామగ్రి, వెదకు సాధనముల సూచికలు, తెలుగు నేర్చు యంత్రములకు పెట్టు మేఁత, ఇవన్నియు వెబ్ పుటలనుండి ఏఱినవే అధికము. ఏఱునపుడు విఱిగిన మాట వెదకినపుడు దొరకదు. విఱిచినవానికి తెలుగు రాకపోవచ్చును. అతనికి తప్పు కనఁబడదు. చూచి చెప్పవలసినవారము మనమే.

గుణింతము నిలిచినను అక్షరగణనమున ఇంకొక చిక్కు మిగిలినది. 'క్ష' మనకు ఒక్క అక్షరము. ఛందస్సున ఒక్కటిగనే లెక్కింతుము. యంత్రమునకు అది కకారము, పొల్లు, షకారము అని మూఁడు. చదువరి ఒక్కటిగా భావించు గుంపును యంత్రమును ఒక్కటిగా పట్టవలెనని యూనికోడ్ వారు విధులు చేసిరి గాని, చిరకాలము ఆ విధులు పొల్లువద్దనే అక్షరమును తెంచినవి: 'క్' ఒకటి, 'ష' ఒకటి. గణవిభజన చేయు ప్రోగ్రాము వ్రాసినవాఁడు సంయుక్తాక్షరములకు తన సూత్రములను తానే కూర్చుకొనవలసి యుండెను. 2023 సెప్టెంబరులో వెలువడిన 15.1వ సంపుటమున పొల్లుతో కూడిన హల్లును తరువాతి హల్లుతో కలిపి పట్టు విధిని తెలుగుతో పాటు దేవనాగరి, బంగాళీ, గుజరాతీ, ఒడియా, మలయాళ లిపులకు చేర్చిరి. అనఁగా సూత్రములు పుట్టిన డెబ్బదిరెండవ యేఁట 'క్ష' యంత్రమునకు ఒక్క అక్షరమైనది.

అరసున్నల సంగతి అట్లే యున్నది. పాతగ్రంథములనుండి ఎక్కించిన పుటలలో 'వాఁడు' అని యుండును, కొత్తపుటలలో 'వాడు'. వెదకువాఁడు ఒకటి వ్రాసిన రెండవది చిక్కదు. అరసున్న ఉండవచ్చును, లేకపోవచ్చును అని సూత్రములో చెప్పుటకు ఆ గుఱుతు ప్రక్కన ఒక్క ప్రశ్నార్థకము చాలును. బండి ఱకారమునకును ఇట్లే. చదరపు కమ్మీలలో రెండు రేఫలను ప్రక్కప్రక్కన నుంచిన 'మఱల' అన్నను 'మరల' అన్నను దొరకును. మీ యిండ్లలో కంప్యూటరు చదివిన పిల్లలున్నచో ఈ రెండు సూత్రములను వ్రాసి చూపుమనుఁడు. పాతపద్యమొకటి ఇచ్చి వెదకింపుఁడు.